ముందు చెప్పు, తరవాత రాయి

ఈ వారం వ్యాకరణం పాఠం పెట్టడం లేదు. పిల్లలకి నేరేటివ్ ఎస్సే రాయడం ఎలా నేర్పిస్తున్నామో చెప్తాను. మీలో కొంతమంది ఆదివారం తెలుగు క్లాసుల్లో సాయం చేస్తున్నారు. మిగతావాళ్ళు నాలాగే పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకున్నవాళ్ళు. ఇద్దరికీ పనికొస్తుందని అనుకుంటున్నాను.

తెలుగులో దీన్ని కథన వ్యాసం అనొచ్చు. మా పిల్లలకి ఆ మాట బరువుగా అనిపించింది. అందుకని మేం "జరిగిన కథ" అంటాం. నీకు జరిగినదాన్ని, లేదా నీ కళ్ళ ముందు జరిగినదాన్ని, వినేవాళ్ళకి ఆసక్తి పుట్టేలా చెప్పడం. అంతే.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. నేను ఒహాయోలో పుట్టాను. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం, కానీ చదవడం రాయడం ఇరవై ఆరేళ్ళకి సొంతంగా నేర్చుకున్నాను. ఇప్పుడు డాలస్ దగ్గర ఒక మిడిల్ స్కూల్లో ఇంగ్లీష్ టీచర్‌ని. ఆదివారం మధ్యాహ్నం లైబ్రరీలో ఒక గది తీసుకొని, ఇంకో ఇద్దరు తల్లిదండ్రులతో కలిసి, పదకొండు మంది పిల్లలకి తెలుగు చెప్తాను. వాళ్ళంతా 12 నుంచి 15 ఏళ్ళ వయసువాళ్ళు. అందరికీ తెలుగు అర్థమవుతుంది. మాట్లాడతారు. రాయడం మాత్రం నెమ్మది.

తప్పులు లేని వ్యాసాలు

సంవత్సరం మొదట్లో అందరికీ ఒకే విషయం ఇచ్చాం: "నేను ఇండియా వెళ్ళినప్పుడు." పదకొండు కాగితాలు వచ్చాయి. అన్నీ దాదాపు ఇలాగే ఉన్నాయి: మేము విమానం ఎక్కాము. మేము హైదరాబాద్ వెళ్ళాము. మేము మా తాతయ్య ఇంటికి వెళ్ళాము. మేము గుడికి వెళ్ళాము. చాలా బాగుంది.

ఒత్తులు సరిగ్గా ఉన్నాయి. క్రియలు సరిగ్గా ఉన్నాయి. ఎర్ర పెన్నుతో దిద్దడానికి పెద్దగా ఏమీ లేదు. కానీ ఏ కాగితం ఎవరిదో పేరు చూస్తే తప్ప తెలియదు.

ఇంగ్లీష్ క్లాసులో ఇలాంటప్పుడు మేం చెప్పే మందులు కొన్ని ఉన్నాయి. మొదటి వాక్యంతో చదివేవాళ్ళని పట్టుకోవాలి. పంచేంద్రియాలు వాడాలి. బోర్డు మీద ఒక కొండ గీసి, కథ ఎక్కడం, శిఖరం, దిగడం చూపిస్తాం. ఆ కొండ బొమ్మ 1863లో గుస్తావ్ ఫ్రైటాగ్ అనే జర్మన్ రచయిత నాటకాల గురించి రాసిన పుస్తకం నుంచి వచ్చింది. మంచి బొమ్మే. కానీ తెలుగు వాక్యం ఎక్కడ ఆపాలో, ఎక్కడ సాగదీయాలో ఆ కొండ చెప్పదు. మా పిల్లల కష్టం అక్కడే ఉంది.

స్నాక్స్ టైంలో కోతి

మా క్లాసు మధ్యలో పది నిమిషాలు స్నాక్స్ టైం. ఒక రోజు ఒక అబ్బాయి జంతికలు తింటూ పక్కవాడికి కోతి సంగతి చెప్తున్నాడు. ఇదే అబ్బాయి తన వ్యాసంలో ఏం రాశాడంటే: "మా తాతయ్య ఊరిలో కోతులు ఉన్నాయి. అవి చాలా అల్లరి చేస్తాయి."

నోటితో మాత్రం ఇలా చెప్పాడు: "పొద్దున్నే కిటికీలోంచి కోతి వచ్చిందట, వచ్చి, టేబుల్ మీద తాతయ్య కళ్ళజోడు తీసుకొని, గోడెక్కి కూచుందట. నేను అరుపులకి లేచి బయటికి వెళ్ళి చూస్తే, తాతయ్య గోడ కింద నించొని 'ఇచ్చెయ్యి నాయనా, ఇచ్చెయ్యి నాయనా' అని దాన్ని బతిమాలుతున్నారు. అది కళ్ళజోడు పెట్టుకొని తాతయ్యనే చూస్తోంది!"

గదిలో అందరూ ఆగి విన్నారు. తరవాత ఏమైందని ముగ్గురు ఒకేసారి అడిగారు. (అరటిపండు ఇస్తే కళ్ళజోడు వదిలేసిందట.)

నేను ఆ మాటల్ని అప్పుడే ఒక కాగితం మీద రాసి, స్నాక్స్ అయ్యాక బోర్డు మీద పెట్టాను. పక్కన వాడి వ్యాసంలోని రెండు వాక్యాలు పెట్టాను. "ఈ రెండూ ఒకరివే. తేడా ఏంటి?" అని అడిగాను. ఆ గంటంతా దాని గురించే మాట్లాడుకున్నాం. వాళ్ళు కనిపెట్టినవి, నేను కలిపినవి కింద రాస్తున్నాను.

"ట" ఎక్కడ ఆగింది?

మొదట చూసింది ఒక అమ్మాయి. "కోతి వచ్చిందట, కూచుందట అన్నాడు. తరవాత అట లేదు" అంది.

నిజమే. కోతి వచ్చినప్పుడు వాడు నిద్రలో ఉన్నాడు. ఆ భాగం ఎవరో చెప్తే విన్నాడు, అందుకే "ట". లేచి బయటికి వచ్చాక తన కళ్ళతో చూశాడు, అందుకే "బతిమాలుతున్నారు", "చూస్తోంది". "ట" ఆగిన చోట వాడు కథలోకి అడుగు పెట్టాడు. ఇంగ్లీష్‌లో దీనికి మూడు నాలుగు మాటలు ఖర్చు చేయాలి. మనకి ఒక్క అక్షరం చాలు.

మనలాంటివాళ్ళు ఈ "ట"ని పుస్తకంలో నేర్చుకోలేదు. చిన్నప్పటి నుంచి ఇంట్లో విన్నాం. అమ్మ ఫోన్ పెట్టేసి "అత్తయ్యకి ఒంట్లో బాగాలేదట" అంటే, అమ్మ చూసి చెప్పడం లేదని మనకి వెంటనే తెలుసు. కానీ పెన్ను పట్టుకోగానే ఇది మాయమైపోతుంది. అందుకని మా క్లాసులో ఒక పని పెట్టాం: నీ కథలో నువ్వు చూసింది ఏది, విన్నది ఏది? విన్నదానికి "ట" పెట్టు. నువ్వు ఎప్పుడు వచ్చావో చదివేవాళ్ళకి దానంతట అదే తెలుస్తుంది.

వచ్చి, తీసుకొని, ఎక్కి

రెండోది ఇది. వ్యాసంలో ప్రతి వాక్యం "మేము"తో మొదలై "ఆము"తో ఆగుతుంది. నోటితో చెప్పినప్పుడు కోతి వచ్చి, తీసుకొని, గోడెక్కి, అప్పుడు కూచుంది. మూడు పనులు పరుగెత్తాయి. నాలుగో దాని దగ్గర వాక్యం ఆగింది.

ఈ "వచ్చి", "ఎక్కి" లాంటి వాటికి వ్యాకరణంలో క్త్వార్థకం అని పేరు. పేరు చూసి భయపడకండి, నాకు కూడా పలకడానికి రెండు రోజులు పట్టింది. మేం పిల్లలకి చెప్పే సూత్రం చిన్నది. ముఖ్యం కాని పనులన్నీ "ఇ"లో పడేసెయ్యి. ముఖ్యమైన పనికి మాత్రం పూర్తి క్రియ ఇవ్వు. "లేచి, స్నానం చేసి, ఇడ్లీ తిని, ఆటో ఎక్కాం" అంటే పొద్దున్నంతా నాలుగు మాటల్లో అయిపోయింది. ఇప్పుడు ఆటోలో ఏమైందో చెప్పు.

ఇంకో లాభం కూడా ఉంది. "ఎక్కాం" అంటే ఎక్కింది మేమే అని క్రియే చెప్తుంది. ప్రతిసారీ "మేము" అక్కర్లేదు. ఇంగ్లీష్‌లో అది లేకపోతే వాక్యం కూలిపోతుంది కాబట్టి పిల్లలు తెలుగులో కూడా దాన్ని వదలరు. మేం ఒక ఆట ఆడాం: పేజీ మొత్తంలో "మేము", "నేను" కలిపి మూడే ఉండాలి. ఆ ఒక్క ఆటతో సగం వ్యాసాలు తేలికపడ్డాయి.

మాటని మాటలాగే ఉంచు

మూడోది "అని". తాతయ్య ఏమన్నారో అలాగే పెట్టి, చివర "అని" తగిలిస్తే సరిపోతుంది. "తాతయ్య కోతిని కళ్ళజోడు ఇవ్వమని అడిగారు" అని కూడా రాయొచ్చు, తప్పేం లేదు. కానీ అందులో "నాయనా" పోయింది. కోతిని "నాయనా" అనడంలోనే తాతయ్య ఎలాంటి మనిషో ఉంది.

దీన్ని పాతవాళ్ళు ఎలా చేశారో చూపించడానికి గురజాడ అప్పారావు గారి "దిద్దుబాటు" గురించి చెప్పాను. 1910లో "ఆంధ్రభారతి" పత్రికలో వచ్చింది. ఇప్పటి తెలుగు కథకి మొదలు అని చాలామంది దాన్నే అంటారు. ఆ కథ ఒక ఊరి వర్ణనతో మొదలవదు, ఎవరు ఎవరి కొడుకో చెప్పదు. రాత్రిపూట ఒక మనిషి తలుపు బయట నించొని పిలుస్తూ ఉంటాడు. లోపల ఏముందో అతనికీ తెలియదు, మనకీ తెలియదు. నూరేళ్ళు దాటిన కథ, కానీ ఇంగ్లీష్ క్లాసులో మేం "హుక్" అనేది ఇదే. మా పిల్లలు అది విన్నాక, మొదటి వాక్యం ఎవరో ఒకరు మాట్లాడే మాట అయి ఉండాలని వాళ్ళే నియమం పెట్టుకున్నారు. అన్ని కథలకీ అది అక్కర్లేదు, కానీ మొదట్లో బాగా పనిచేస్తుంది.

రెండు వారాలు వద్దు, ఒక గంట చాలు

ఇండియా ట్రిప్ మొత్తం ఒక పేజీలో పట్టదు. పట్టించాలని చూస్తే "వెళ్ళాము, వెళ్ళాము" తప్ప ఏమీ మిగలదు. అందుకని రెండో వ్యాసానికి విషయం ఇలా ఇచ్చాం: "ఒక గంట. ఒక చోటు. ఇద్దరు లేదా ముగ్గురు మనుషులు." ముందు పక్కవాడికి నోటితో చెప్పాలి. ఫోన్‌లో రికార్డ్ చేయాలి. ఇంటికి వెళ్ళి, విని, రాయాలి. "చాలా బాగుంది" అనే మాట నిషేధం. బాగుంటే నువ్వేం చేశావో రాయి. నవ్వావా? రెండో ముక్క అడిగావా? ఎవరూ చూడకుండా జేబులో పెట్టుకున్నావా?

ఈసారి వచ్చిన కాగితాలకి పేర్లు చూడక్కర్లేకపోయింది. అందులో రెండు కథల గురించి మీకు చెప్పాలి. ఆ ఇద్దరి ఇళ్ళ అనుమతి తీసుకొని, గుర్తుపట్టే వివరాలు తీసేసి చెప్తున్నాను.

పైలం బిడ్డా

మొదటిది ఒక పదమూడేళ్ళ అమ్మాయిది. వాళ్ళ అమ్మమ్మ కరీంనగర్ దగ్గర ఒక పల్లెటూళ్ళో ఉంటారు. కథ తిరుగు ప్రయాణం ముందు రాత్రి జరుగుతుంది. సూట్‌కేస్ 23 కిలోలు దాటకూడదు. వాళ్ళమ్మ చేతి త్రాసుకి పెట్టె తగిలించి తూస్తుంది. ఎక్కువ ఉంటే సకినాల పొట్లం తీసి పక్కన పెడుతుంది. అమ్మ ఇటు తిరగగానే అమ్మమ్మ ఆ పొట్లాన్ని మళ్ళీ బట్టల కింద పెడుతుంది. అమ్మ మళ్ళీ తూస్తుంది, మళ్ళీ తీస్తుంది. ఇలా మూడుసార్లు. అమ్మాయి మంచం మీద కూచొని అంతా చూస్తూ ఉంటుంది, ఎవరి వైపు ఉండాలో తెలియక. చివర అమ్మమ్మ ఆమె తల నిమిరి, "పైలం బిడ్డా. మల్ల ఎప్పుడొస్తవ్?" అంటుంది.

మా క్లాసులో సాయం చేసే ఒక పెద్దాయన కాగితాలు ముందు దిద్దుతారు. ఓపికగా, ప్రేమగా దిద్దుతారు. ఆయన "పైలం" కొట్టేసి "జాగ్రత్త" అని రాశారు. "మల్ల ఎప్పుడొస్తవ్" కొట్టేసి "మళ్ళీ ఎప్పుడు వస్తావు" అని రాశారు.

అమ్మాయి కాగితం తీసుకొని చాలాసేపు చూసింది. నా దగ్గరికి వచ్చి మెల్లగా అంది: "అక్కా, ఇది మా అమ్మమ్మ కాదు."

ఆ రోజు క్లాసు అయ్యాక మేం పెద్దవాళ్ళం ముగ్గురం కూచున్నాం. ఆయన మాటలో కూడా న్యాయం ఉంది. "వీళ్ళకి వారానికి రెండు గంటల తెలుగు. అందులో పది రకాల తెలుగు చూపిస్తే ఏదీ రాదు. ముందు ఒక పద్ధతి రావాలి కదా?" అన్నారు. నేర్చుకునేవాళ్ళకి అది నిజమైన ఇబ్బందే. నేను కూడా అక్షరాలు నేర్చుకునే రోజుల్లో ఒకే రకం తెలుగు ఉంటే బాగుండును అనుకునేదాన్ని.

కానీ జరిగిన కథలో ఒక మనిషి మాట్లాడితే, ఆ మాట ఆ మనిషిది. దాన్ని మార్చడం అంటే జరిగినదాన్ని మార్చడం. మన సాహిత్యంలో ఈ గొడవ కొత్త కాదు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం కదా, అది గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. జనం మాట్లాడే భాషలోనే రాయాలని, చదువు చెప్పాలని ఆయన పోట్లాడారు. ఆ తరవాత నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారు "పచ్చనాకు సాక్షిగా"లో తన చిన్నతనాన్ని చిత్తూరు జిల్లా మాటల్లోనే చెప్పారు. పాకాల యశోదారెడ్డి గారు "మా ఊరి ముచ్చట్లు", "ఎచ్చమ్మ కథలు" తెలంగాణ మాటల్లో రాశారు. ఈ పుస్తకాలు నాకు కష్టంగానే ఉంటాయి, ఒక పేజీకి పది పదాలు అమ్మని అడగాలి. అయినా అందులో మనుషులు వినబడతారు.

చివరికి మేం ఒప్పుకున్న పద్ధతి ఇది. కొటేషన్ గుర్తుల లోపల ఉన్నది మనిషి మాట, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. బయట ఉన్నది రాసేవాళ్ళ ఇష్టం. క్లాసు తెలుగులో రాయొచ్చు, ఇంటి తెలుగులో రాయొచ్చు, కానీ మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉండాలి. పెద్దాయన ఇప్పుడు కొత్త మాట కనిపిస్తే కొట్టేయరు. పక్కన గీత గీసి "ఇది మీ ఇంటి మాటేనా?" అని అడుగుతారు. అవునంటే తన నోట్‌బుక్‌లో రాసుకుంటారు.

ఆ అమ్మాయి "పైలం" తిరిగి పెట్టింది. అమ్మమ్మ గారు చదువుకోలేదు, అందుకని ఆదివారం ఉదయం వీడియో కాల్‌లో చదివి వినిపించింది. అమ్మమ్మ మొత్తం విన్నారట. విని, "మూడుసార్లు కాదు బిడ్డా, నాలుగుసార్లు. నాలుగోసారి మీరెవ్వరు సూడలే" అన్నారట.

వాళ్ళు టెక్సాస్ వచ్చి పెట్టె తెరిస్తే సకినాలు ఉన్నాయి. మనసు ఆగక అమ్మే పెట్టి ఉంటుందని అమ్మాయి అనుకుంది. నాన్న పెట్టి ఉంటారని అమ్మ అనుకుంది. ఆ వ్యాసం చదివి ఉండకపోతే ఆ సంగతి ఎప్పటికీ బయటికి వచ్చేది కాదు. అమ్మాయి చివరి పేరా మళ్ళీ రాసింది.

నీతి లేని కథ

రెండో కథ ఒక పద్నాలుగేళ్ళ అబ్బాయిది. వాళ్ళ నాన్న ఉద్యోగం పోయింది. హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోడానికి 60 రోజుల దాకా గడువు ఉంటుందని మీకు తెలిసే ఉంటుంది. అబ్బాయి ఆ రోజుల్లో ఒక సాయంత్రం గురించి రాశాడు. ఇంట్లో అట్టపెట్టెలు. ఒక్కో దాని మీద అమ్మ "తీసుకెళ్ళేవి", "ఇచ్చేసేవి" అని రాస్తోంది. నాన్న పక్క గదిలో ఇంటర్వ్యూ కాల్‌లో ఉన్నారు కాబట్టి టేపు చప్పుడు కాకుండా మెల్లగా అంటించాలి. కుక్కర్ ఏ పెట్టెలో పెట్టాలో అమ్మకి తెలియలేదు.

అబ్బాయికి చివర ఏం రాయాలో తెలియలేదు. "నేను ఏం నేర్చుకున్నాను అని రాయాలి కదా అక్కా? కథ అంటే చివర నీతి ఉండాలి కదా?" అన్నాడు.

ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మనం చదివిన మొదటి తెలుగు కథలు చాలావరకు నీతి కథలే. ఇక్కడి స్కూళ్ళలో కూడా చివర ఒక పాఠం అడుగుతారు. ఇంకో నాలుగేళ్ళకి వీళ్ళు కాలేజీలకి అప్లై చేసేటప్పుడు కామన్ యాప్‌లో 650 పదాల లోపు వ్యాసం రాయాలి, అందులోనూ "దీనివల్ల నేను మారాను" అని రాయడం అలవాటు చేసుకుంటారు. కానీ వీడి సంగతి ఇంకా అయిపోలేదు. అయిపోనిదానికి నీతి ఎక్కడి నుంచి తెస్తాం?

"ఆ సాయంత్రం చివర నువ్వు ఏం చూశావో అది రాసి ఆపేసెయ్యి" అన్నాను. వాడు ఇలా ఆపాడు: ఆ రాత్రి కూడా అన్నం వండాలి కాబట్టి కుక్కర్ స్టవ్ మీదే ఉంది, ఒక పెట్టెకి టేపు వేయలేదు.

దాన్ని క్లాసులో చదవాలా అని అడిగాడు. చదవక్కర్లేదని చెప్పాను. ఇది మాకు ఇంకో నియమం అయింది. జరిగిన కథ రాసినవాళ్ళ సొంతం. నేను చదివి, దానికి గౌరవం ఇచ్చి, తిరిగి ఇచ్చేస్తాను. గోడ మీద పెట్టాలన్నా, చదివి వినిపించాలన్నా వాళ్ళే చెప్పాలి. పిల్లలకి ఈ భరోసా లేకపోతే మళ్ళీ "చాలా బాగుంది" దగ్గరికే వెళ్ళిపోతారు, అది ఎవరికీ ప్రమాదం లేని వాక్యం కాబట్టి. వాడు మూడు వారాల తరవాత తనంతట తనే నించొని చదివాడు. ఇప్పుడు వాళ్ళు వేరే రాష్ట్రంలో ఉన్నారు, నాన్నకి అక్కడ ఉద్యోగం వచ్చింది. కథ చివర మాత్రం వాడు మార్చలేదు.

మీరు రాసి చూడండి

పెద్దవాళ్ళకి కూడా ఇదే పద్ధతి పనిచేస్తుంది. నేను ప్రతి నెలా ఒకటి ఇలాగే రాస్తాను.

ఒక గంట ఎంచుకోండి. మీ ఇంట్లో జరిగింది అయితే మంచిది. ఫోన్‌లో రికార్డ్ ఆన్ చేసి, ఎదురుగా ఒక మనిషి ఉన్నట్టు తెలుగులో చెప్పండి. మాట దొరక్కపోతే ఇంగ్లీష్ మాట వేసి ముందుకి వెళ్ళండి, ఆగొద్దు. తరవాత విని, విన్నది విన్నట్టు రాయండి. అప్పుడు నాలుగు చూసుకోండి: విన్నదానికి "ట" ఉందా, చిన్న పనులు "ఇ"లోకి వెళ్ళాయా, మనుషుల మాటలు వాళ్ళలాగే ఉన్నాయా, చివర అక్కర్లేని నీతి ఏదైనా వచ్చిందా. ఇంగ్లీష్ మాటలకి తెలుగు తరవాత వెతుక్కోవచ్చు. సూట్‌కేస్‌ని సూట్‌కేస్ అనే అనండి, మీ అమ్మమ్మ కూడా అదే అంటారు.

రాశాక ఇంట్లో ఒకరికి చదివి వినిపించండి. వాళ్ళు భాష సరిదిద్దితే థాంక్స్ చెప్పండి. కథ సరిదిద్దితే వెంటనే పెన్ను తీసుకోండి. వచ్చే వారం మళ్ళీ వ్యాకరణం, "ట"కి చుట్టాలైన "ట్టు", "ట్ట" గురించి.